పికప్ ముందు షాక్‌లు పోయాయా? రీకండిషనా, కొత్త ఆయిలా, గ్యాసా: మన రోడ్లకు, మన లోడుకు ఏది

షాపులో ముందు షాకప్పులు అడగ్గానే కౌంటరు వెనక నుంచి వచ్చే మొదటి మాట: "లోడు ఎక్కువ వేస్తారా అన్నా? అయితే హెవీ డ్యూటీ తీసుకోండి." సగం మంది అక్కడే తలూపి, అక్కర్లేనిదానికి డబ్బు కట్టి వస్తారు. షాక్ బరువు మోయదు. బండి బరువైనా సరుకు బరువైనా మోసేది కమాను కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు ఆకులు. కొన్ని బళ్లలో ఆ పని చుట్టలు తిరిగిన కాయిల్ స్ప్రింగో, మెలిపడి బరువు మోసే ఉక్కు కడ్డీ టార్షన్ బారో చేస్తుంది. గుంతలో పడి లేచిన చక్రం మళ్లీ మళ్లీ ఎగరకుండా ఆపడమే షాక్ పని. లోపలి పిస్టన్ సన్నని వాల్వుల గుండా నూనెను తోస్తుంటే ఆ ఊపంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. కాబట్టి బండి ముక్కు కిందికి కుంగి ఉంటే ఎంత ఖరీదైన షాక్ వేసినా లేవదు. అది కట్ట చూసుకోవాల్సిన జబ్బు.

ఇంకో అపోహ కూడా తీరిస్తే బేరం సులువవుతుంది. కళ్యాణదుర్గం వైపు నుంచి అనంతపురం పక్కన కక్కలపల్లి మార్కెట్‌కు టమోటా తోలేవాళ్లు "కాయ చితుకుతోంది, ముందు షాక్‌లు మార్చేయ్ మేస్త్రీ" అంటుంటారు. సరుకు ఉండేది ఎక్కువగా వెనక ఇరుసు మీద. అక్కడ కాయను కుదిపేది వెనక కట్ట, వెనక షాక్, టైర్లలో గాలి. ముందు షాక్‌లు కాపాడేది స్టీరింగును, బ్రేకును, ముందు టైర్లను, డ్రైవరు నడుమును. వీటిలో ఏదో ఒకటి ఇబ్బంది పెడుతుంటేనే ఈ ఖర్చుకు అర్థం ఉంది.

పోయింది షాకేనా?

స్పీడ్ బ్రేకర్ మీద ముందు నుంచి టక్‌టక్‌మని చప్పుడు వస్తే అందరి వేలూ షాక్ వైపే చూపిస్తుంది. చాలాసార్లు పోయింది షాక్ పైనా కిందా ఉండే రబ్బరు బుష్. బండిని చదునులో నిలిపి, ఒకరు ముందు బంపర్ పట్టుకుని ఊపుతుంటే ఇంకొకరు షాక్ కంటి మీద, అంటే కొసన బోల్టు దూరే గుండ్రటి రింగు మీద వేలు పెట్టి చూడాలి. బుష్ పోతే ఆ కన్ను బోల్టు మీద ఖాళీగా కొట్టుకోవడం వేలికి తెలిసిపోతుంది. అప్పుడు మేస్త్రీని సూటిగా అడగండి: "మేస్త్రీ, బుష్‌లు మారిస్తే చాలదా?" నిజాయితీ ఉన్న మేస్త్రీ అయితే "చాలన్నా, షాక్ ఇంకా బాగుంది" అనే చెప్తాడు. బుష్‌ల ఖర్చు షాక్ ఖర్చులో చిన్న ముక్క.

బానెట్ మీద ఒత్తి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష కార్లకు కొంత పనికొస్తుంది. టాటా ఏస్, దోస్త్ లాంటి బళ్లకు ముందు కూడా కమాను కట్టలే ఉంటాయి. ఆకుల మధ్య రాపిడి, కట్ట గట్టిదనం వల్లే ఆ ఊపు చాలావరకు ఆగిపోతుంది. షాక్ పూర్తిగా చచ్చిపోయినా బండి బుద్ధిగా నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఆ పరీక్షను నమ్మి వదిలేయకండి.

నమ్మదగిన గుర్తులు మూడు. మొదటిది నూనె. మన దుమ్ములో ఇది చూడటం ఇంకా తేలిక. షాక్ ఒంటి మీద పైభాగంలో పలచగా దుమ్ము అంటుకుని పొడిగా ఉంటే కంగారు లేదు, సీలు దగ్గర కొద్దిగా చెమ్మ మామూలే. దుమ్ము తడిసి నల్లటి బురదలా కిందికి జారి, కింది కన్ను దాకా వచ్చిందంటే నూనె కారుతున్నట్టే. గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు మూడు రోజులు తిప్పి మళ్లీ చూస్తే అనుమానం తీరిపోతుంది.

రెండోది వేడి. గతుకుల రోడ్డు మీద ఓ పది కిలోమీటర్లు తోలి, దిగీదిగగానే రెండు ముందు షాక్‌లనూ చేతి వెనక భాగంతో జాగ్రత్తగా తాకి చూడండి. పనిచేసే షాక్ వేడెక్కి తీరాలి. ఒకటి కాలుతూ, రెండోది చల్లగా ఉందంటే చల్లగా ఉన్నదే పోయింది. ఎండలో నిలిపిన బండికి ఈ పరీక్ష చేయకండి, మే నెల అనంతపురంలో అన్నీ కాలుతూనే ఉంటాయి.

మూడోది టైరు. అరచేతిని టైరు చుట్టూ రాస్తూ పోతే అక్కడక్కడ గుంటలు గుంటలుగా తగలడం షాక్ పోయిన గుర్తు, లేదంటే బ్యాలెన్సింగ్ లోపం. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ చూడాలి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ పెడుతున్నారు. వీటికి షాక్ మార్చినా లాభం లేదు.

అమెరికాలో షాక్‌లమ్మే మన్రో కంపెనీ 50 వేల మైళ్లకు, అంటే సుమారు 80 వేల కిలోమీటర్లకు మార్చమంటుంది. అది అక్కడి రోడ్ల లెక్క. ఎన్‌హెచ్ 44 మీద కర్నూలుకూ బెంగళూరుకూ తిరిగే బండికి అది సరిపోవచ్చు. నార్పల, పుట్లూరు చీనీ (బత్తాయి) తోటల దారుల్లో దిగే బండికి కిలోమీటర్ల లెక్క పెట్టుకోకుండా పై మూడు గుర్తులే చూసుకోవాలి.

రీకండిషన్: చవకే, కానీ ముందు షాక్‌లకు వద్దు

మనవైపు బాగా నడిచే పని ఇది. పాత షాక్ పైకప్పు కోసి, నూనె పారబోసి, సీలు మార్చి, కొత్త నూనె పోసి మళ్లీ వెల్డింగ్ పెట్టి ఇస్తారు. కొందరు మరమేకు మూత కూడా పెడతారు. ఖర్చు కొత్తదానికంటే చాలా తక్కువ, సాయంత్రానికల్లా బండి రోడ్డెక్కుతుంది. చేతిలో డబ్బు ఆడని రోజున ఇది కళ్లకు ఇంపుగానే కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, పాత షాక్‌లో అరిగేది సీలు ఒక్కటే కాదు. ముందుగా రాడ్డు. మెరిసే క్రోమ్ రాడ్డు మీద గోరుతో పై నుంచి కిందికి గీయండి. ఎక్కడైనా గోరు ఆగిందంటే అక్కడ చిన్న గుంటో తుప్పో ఉన్నట్టు. ఆ గుంట కొత్త సీలును ప్రతి ఊపుకూ కొంచెం కొంచెం కోస్తూ పోతుంది. కొన్ని నెలల్లో మళ్లీ అదే బురద. తరువాత లోపలి వాల్వులు. పలచని ఉక్కు పలకలు వంగి, చిట్లి ఉంటే నూనె మార్చినంత మాత్రాన పట్టు రాదు. ఆ పలకలు మన కళ్లకు కనిపించవు, పనిచేసినవాడు చెబితే నమ్మాల్సిందే.

ఆఖరిది నూనె. షాక్‌లో ఉండాల్సింది పలచగా, వేడికీ చలికీ పెద్దగా మారని ప్రత్యేకమైన ఆయిల్. దాని బదులు ఇంజన్ ఆయిల్ పోస్తే షాక్ చేతికి బిగువుగా తగులుతుంది. అబ్బ, ఎంత గట్టిగా ఉందో అనిపిస్తుంది. ఆ బిగువు పట్టు కాదు, చిక్కదనం. పొద్దున్నే చక్రం రోడ్డు మీద తట్టు తట్టుగా ఎగురుతుంది, మధ్యాహ్నం వేడెక్కాక పట్టు ఇంకోలా మారిపోతుంది. రీకండిషన్ చేయించేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఏ నూనె పోస్తారు, ఆ డబ్బా చూపిస్తారా?

నా సలహా ఇదీ. ఊళ్లోనే తిరిగే బండికి, అదీ వెనక షాక్‌లకు, రాడ్డు నున్నగా ఉంటే రీకండిషన్‌ను తప్పుపట్టను. ముందు వాటికి మాత్రం వద్దంటాను. ముందు చక్రం రోడ్డును వదిలితే స్టీరింగూ బ్రేకూ రెండూ ఆ క్షణానికి మన చేతిలో ఉండవు. ఇక పాత ఇనుము షాపులో ఏదో బండి నుంచి ఊడదీసిన షాక్‌ల గురించి మాట్లాడటం కూడా వృథా. అవి ఊడదీసిన బండే ఎందుకు అక్కడికి చేరిందో ఆలోచిస్తే చాలు.

కొత్తవి: బండి కంపెనీ డబ్బానా, షాక్ కంపెనీ డబ్బానా

బండి తయారుచేసే కంపెనీలు షాక్‌లను చాలావరకు బయటివాళ్ల దగ్గర చేయించుకుంటాయి. గాబ్రియెల్ ఇండియా లాంటి సంస్థ 1961 నుంచి ఈ పనిలో ఉంది. బండ్ల ఫ్యాక్టరీలకూ ఇస్తుంది, తన పేరుతో మార్కెట్లోనూ అమ్ముతుంది. అందుకే షోరూం కౌంటర్లో బండి కంపెనీ డబ్బాకు ఒక ధర, బయట షాక్ కంపెనీ డబ్బాకు ఇంకో ధర కనిపిస్తుంది. బయటిది సాధారణంగా తక్కువకే వస్తుంది. రెండూ ఒకటేనా అంటే, మీ బండి మోడల్‌కూ తయారైన ఏడాదికీ సరిపడే పార్ట్ నంబరైతే తేడా రోడ్డు మీద మీకు తెలిసేంత ఉండదు. "బొలెరోకు వచ్చేదే అన్నా" అని చెప్పి ఇచ్చేది మాత్రం తీసుకోకండి. పికప్ వేరు, క్యాంపర్ వేరు, పాసింజరు బండి వేరు. పేరు ఒకటైనా ముందు సస్పెన్షన్ మారొచ్చు.

వారంటీలో ఉన్న బండికి షోరూందే వేయించండి. ఆ తర్వాత పేరున్న షాక్ కంపెనీది బిల్లుతో కొనడమే నాకు తెలివైన బేరం. బిల్లు ఎందుకంటే, ధర గురించి కూడా ఒక మాట ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేటు చెప్పి పాత ధరే లాగుతున్నారేమో బిల్లులో పన్ను గీత చూస్తే తేలిపోతుంది. బిల్లు మీద బండి నంబరు, ఆ రోజు కిలోమీటర్లు రాయించుకోండి. వారంటీ అడగాల్సి వస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. డబ్బా మీద అచ్చు మసకగా ఉన్నా, ఎంఆర్‌పీ స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటించినా, షాక్ మీద నంబరు డబ్బా మీది నంబరుతో కలవకపోయినా వెనక్కి ఇచ్చేయండి.

ఆయిలా, గ్యాసా

గ్యాస్ షాక్ అంటే లోపల గ్యాసే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అందులోనూ పనిచేసేది నూనే. నూనె పైన గాలి బదులు ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు, అంతే. దాని లాభం గతుకుల రోడ్డు మీద తెలుస్తుంది. తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు లారీలు చితక్కొట్టిన రోడ్డు మీద అరగంట ఆపకుండా పోతే మామూలు ఆయిల్ షాక్‌లో నూనె, గాలి కలిసి నురగ అవుతుంది. నురగకు పట్టుండదు. బయల్దేరినప్పుడు బాగానే ఉన్న బండి అరగంటకు పడవలా తేలడం మొదలుపెడుతుంది, ఆగి చల్లారాక మళ్లీ మామూలు. మీ బండి ఇలా చేస్తుంటే గ్యాస్‌కు పెట్టే అదనపు డబ్బు దండగ కాదు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో నూనె వేడెక్కి పలచబడటం కూడా దీనికి తోడవుతుంది.

గ్యాస్ వేస్తే ఖాళీ బండి కొంచెం గట్టిగా తన్నుతుంది. ఎక్కువగా ఖాళీగానే తిరిగే బండికి, టౌన్లో పాల క్యాన్లో, నీళ్ల క్యాన్లో దించుతూ నెమ్మదిగా పోయే బండికి మామూలు ఆయిల్ షాక్ చాలు. హైవే, గతుకులు, లోడు మూడూ కలిస్తే గ్యాస్. నేనైతే జిల్లాలో తిరిగే సరుకు బండికి కళ్లు మూసుకుని గ్యాస్ నింపిన రెండు గొట్టాల (గొట్టంలో గొట్టం ఉండే) షాకే చెప్తాను.

మోనోట్యూబ్ అని ఇంకా ఖరీదైన రకం ఉంది. ఒకే గొట్టం, చాలా ఎక్కువ గ్యాస్ ఒత్తిడి. వేడి త్వరగా వదులుతుంది, పట్టు బాగుంటుంది. ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి బండిని సొంతానికి వాడుతూ దూరాలు తిరిగేవాళ్లు ఆలోచించొచ్చు. అద్దెకు తిప్పే బండికి ఆ డబ్బు తిరిగి రాదు. పైగా ఆ ఒక్క గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. రెండు గొట్టాల షాక్‌కు బయటి గొట్టం కొంచెం నొక్కుకున్నా పని సాగుతుంది. మన గులకరాళ్ల దారులకు ఇది చిన్న విషయం కాదు.

కట్ట పెంచిన బండి సంగతి వేరు

రాళ్లు తోలేవాళ్లు ఈ భాగం తీరిగ్గా చదవండి. తాడిపత్రి బండ రెండడుగుల చదరం, అంగుళం మందం ఉంటే సుమారు 25 కేజీలు తూగుతుంది. 50 బండలు పడితేనే టన్నుంపావు. చూడటానికి తొట్టి ఇంకా ఖాళీగానే ఉంటుంది, "ఇంకో ఇరవై వేయ్" అంటారు, 1,750 కేజీలు అయిపోతుంది. 1.7 టన్నుల పికప్ కూడా అక్కడికి దాటిపోయింది. అందుకే చాలామంది కట్టకు ఒకటో రెండో ఆకులు ఎక్కిస్తారు, వెనకా, కొందరు ముందు కూడా.

ఆకు ఎక్కిస్తే రెండు మార్పులొస్తాయి. ఖాళీ బండి పైకి లేస్తుంది, అంటే షాక్ ఎప్పుడూ సాగి నిలబడుతుంది. బండలు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చక్రం గుంతలో జారితే షాక్ చివరికంటా సాగి లోపల ఠంగుమని తగులుతుంది. బుష్‌లు, కన్ను, ఒక్కోసారి బోల్టు కూడా అలాగే తెగుతాయి. రెండోది, గట్టి కట్ట తిరిగి లేచేటప్పుడు ఎక్కువ బలంతో విదిలిస్తుంది. దాన్ని పట్టి ఉంచడానికి షాక్‌లో ఆ తిరుగు పట్టు ఎక్కువుండాలి. ఫ్యాక్టరీ షాక్ ఫ్యాక్టరీ కట్టకు కొలిచి చేసింది. దానికి ఈ అదనపు ఆకు సంగతి తెలియదు.

కాబట్టి హెవీ డ్యూటీ అనే మాట నిజంగా వర్తించేది ముందు కట్ట మార్చుకున్న ఈ బళ్లకే. కొనేముందు ఖాళీ బండి చదునులో నిలబడి ఉండగా పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా టేపుతో కొలవండి. కొత్త షాక్ పూర్తిగా సాగినప్పటి పొడవు, పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు షాపులో అడిగి రాసుకోండి. మీ కొలత ఆ రెంటికీ దాదాపు మధ్యలో పడాలి, సాగినవైపు అంచుకు అంటుకుపోకూడదు. అంటుకుంటే ఎంత పేరున్న షాకైనా మీ బండికి అది తప్పు షాకే. నన్నడిగితే ముందు కట్టకు ఎక్కించిన ఆకు తీసేసి, వెనకదాన్నే ఉంచుకోవడం మేలు. ముందు ఇరుసు మీదికి సరుకు బరువు వచ్చేది కొంచెమే.

ఎక్కడ కొనాలి

మామూలు పికప్‌కు వచ్చేవి అనంతపురం, కడప, కర్నూలు మూడు చోట్లా దొరుకుతాయి. ధర తేడా ఉంటుందని బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్లేవాళ్లున్నారు. లోడు దించడానికి ఎలాగూ బెంగళూరు వెళ్తుంటే తెచ్చుకోండి. పాత షాక్‌ను ఊడదీసి వెంట తీసుకెళ్లలేకపోతే దాని మీది నంబరు, రెండు కొసల బిగింపు కనబడేలా ఫోటోలు తీసుకెళ్లండి. ఒక కొసకు కన్ను, ఇంకో కొసకు మరమేకు రాడ్డు ఉండే రకం వేరు, రెండు కొసలకూ కన్నులుండే రకం వేరు. పనిగట్టుకుని డీజిల్ పోసుకుని పోయేంత తేడా ఒక జతలో మిగలదు. ఆన్‌లైన్‌లో పేరున్న అమ్మకందారైతే తీసుకోవచ్చు, కానీ నంబరు తప్పితే తిప్పి పంపేలోగా బండి ఖాళీగా నిలబడుతుంది. ఆ రోజుల కిరాయి కూడా ధరలో కలుపుకోండి.

ఎక్కడ కొన్నా జతగానే కొనాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది వేస్తే బ్రేకు పడ్డప్పుడు బండి పక్కకు లాగుతుంది. వెనకవి బాగుంటే నాలుగూ మార్చక్కర్లేదు.

బిగించేటప్పుడు పక్కనే ఉండండి

ముందు కమాను కట్టలున్న బండికి ఇది పెద్ద పని కాదు. డబ్ల్యూడీ-40 స్ప్రే ముందురోజు రాత్రే బోల్టులకు కొడితే తుప్పు వదులుతుంది, గ్యాస్ కట్టర్ అవసరం రాదు. మారుతి సూపర్ క్యారీ లాంటి స్ట్రట్ రకం (షాక్, స్ప్రింగు ఒకటిగా కలిసి ఉండేది), డీ-మ్యాక్స్ లాంటి కాయిల్ రకం అయితే ఇంటి దగ్గర ముట్టుకోకండి. స్ప్రింగును నొక్కిపట్టే పరికరం లేకుండా పై నట్టు విప్పితే అది తుపాకీ గుండులా వచ్చి తగులుతుంది. స్ట్రట్ మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. కట్టల బండికి షాక్ మారిస్తే అలైన్‌మెంట్ కదలదు కాబట్టి టైరు ముందే ఒకవైపు అరిగి ఉంటే తప్ప ఆ డబ్బు కట్టకండి.

కొత్త షాక్ డబ్బాలో పడుకుని వస్తుంది. రెండు గొట్టాల రకమైతే నిలబెట్టి, పూర్తిగా నొక్కి పూర్తిగా సాగదీస్తూ నాలుగైదుసార్లు పంపు కొట్టాలి, అప్పుడు లోపల చేరిన గాలి పైకి పోతుంది. మొదటి ఒకట్రెండు ఊపుల్లో చేతికి ఖాళీ తగిలి, తర్వాత నిండుగా పట్టు వస్తుంది. ఆ తేడా మీ చేత్తోనే చూడండి. ఇది చేయకుండా బిగిస్తే మొదటిరోజే టక్‌టక్ మొదలై, "కొత్త షాకే పోయింది" అని షాపుతో గొడవ పడాల్సి వస్తుంది. గ్యాస్ షాక్ పట్టీతో కట్టి వస్తే, ఒక కొస బిగించాకే ఆ పట్టీ కోయాలి.

ఆఖరి బిగింపు జాకీ మీద కాకుండా నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా చేయించండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టుకుని, బండి దిగగానే మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొత్త బుష్‌లు ఎందుకు నిలవడం లేదని అడిగేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. వారం తిప్పాక ఒకసారి నట్లు మళ్లీ చూపించండి.

పాత గ్యాస్ షాక్‌లను ఇనుము వాడికి అమ్మేటప్పుడు అవి గ్యాస్‌వని చెప్పి అమ్మండి. కట్టర్ పెట్టినా, మంటలో వేసినా లోపలి ఒత్తిడికి పగులుతాయి.